ఒట్టి పండే కదా!

"మూడు వందల ఎనభై రెండా? ఆ మిషన్ పాడైపోయి ఉంటుంది. ఇంకోసారి పొడువన్నయ్యా," అంది చిట్టి.

మా ఆయన తండ్రి చేతిని ఒళ్ళోకి తీసుకుని ఇంకో వేలు పొడిచారు. షుగర్ చూసే మిషన్ కాసేపు గింజుకుని మూడు వందల డెబ్భై తొమ్మిది చూపించింది.

"చూశారా, అప్పుడే మూడు తగ్గింది!" అన్నారు మామయ్యగారు హుషారుగా.

ఎవరూ నవ్వలేదు. ఆయన కుడికాలు ఎదురుగా స్టూలు మీద చాపి ఉంది. కొత్త చెప్పు కరిచిన చిన్న పుండు. వారంలో మానాల్సింది. పద్దెనిమిది రోజులైనా మానకపోగా, నిన్నటి నుంచి బొటనవేలు వాచి వంకాయ రంగుకు తిరిగింది.

చిట్టి లేచి నిలబడింది. మా ఆయనకు ఒక్కగానొక్క చెల్లెలు. వీధి చివర పండ్ల ఐసు కొట్టు ఆమెదే. భర్త ఓడలో వంటవాడు, ఏడాదికి రెండు నెలలు ఇంటి పట్టున ఉంటాడు. మిగిలిన పది నెలలూ ఆమె మా ఇంట్లో ఉన్నట్టే.

"నాకొకటి చెప్పన్నయ్యా. నాన్న తినేదేంటి? పొద్దున వదిన చేసిన రెండు రొట్టెలు. మధ్యాహ్నం వదిన కొలిచి పెట్టే గుప్పెడు అన్నం. సాయంత్రం నేను తెచ్చే పండు. ఇందులో షుగర్ ఎక్కడ్నించి ఊడిపడింది? ఎవరో పెడుతున్నారు."

"ఎవరో అంటే ఎవరే? ఈ ఇంట్లో ఉన్నదే ముగ్గురం."

"నేను పేరు పెట్టి అన్నానా?"

పేరు పెట్టనక్కర్లేదు. చూపు తిన్నగా వంటింటి గుమ్మంలో ఉన్న నా మీదికే వచ్చింది. ఆడబిడ్డ అర్ధమొగుడని పెద్దలు అన్నారు. మా ఆడబిడ్డ ముప్పావు మొగుడు.

"పేరు పెట్టే అను," అన్నాను.

"అంటే ఏం చేస్తావ్?"

"అమ్మాయిలూ!" అని మామయ్యగారు చెయ్యెత్తారు. "మిషన్ మీద పెట్టండి నేరమంతా. అది ఎదురు చెప్పదు."

మా ఆయన నా వంక, చెల్లెలి వంక, మళ్ళీ నా వంక చూసి మిషన్ డబ్బాలో పెట్టి మూత వేశారు. లిఫ్టులు బాగుచేసే మనిషి. రెండు అంతస్తుల మధ్య ఇరుక్కున్న వాళ్ళని రోజూ బయటికి లాగుతారు కానీ, ఇంట్లో మా ఇద్దరి మధ్య ఇరుక్కుంటే తనని లాగేవాళ్ళు లేరు.

"క్లినిక్కుకి పోదాం, పదండి," అన్నారు.

*

ఆరేళ్ళ క్రితం మామయ్యగారికి షుగర్ అని తేలింది. అప్పటికే అత్తయ్య లేరు. ఆ రోజు నుంచి ఈ ఇంట్లో 'వద్దు' అనే మాట నా వాటాకు వచ్చింది. ఆ ముక్క వద్దు మామయ్యా. రెండో రొట్టె తర్వాత వద్దు మామయ్యా. ఆయన ముప్పై ఏళ్ళు రైలింజను నడిపినవారు, ఎర్రజెండా చూస్తే ఆగడం అలవాటే. గొణిగినా ఆగేవారు. పక్కింటివాళ్ళ ముందు మాత్రం నన్ను 'మా జైలరమ్మ' అనేవారు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. లోపల గుచ్చుకునేది.

నాలుగు నెలల క్రితం చిట్టి కుట్టుపని మానేసి కొట్టు పెట్టింది. బోర్డు మీద ఆకుపచ్చ అక్షరాలు. 'చక్కెర లేదు. పాలు లేవు. ఒట్టి పండే.' మామిడి, అరటి, ద్రాక్ష గుజ్జు చేసి గడ్డకట్టించి కప్పుల్లో పెడుతుంది. మొదటి కప్పు తండ్రికి తెచ్చింది.

"షుగర్ ఉన్నవాళ్ళు తినొచ్చా?" అని అడిగాను.

"ఐస్‌క్రీం కాదు వదినా ఇది. పండు! పండు కూడా వద్దంటావా ఇక?"

మామయ్యగారు మొదటి చెంచా నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఆరేళ్ళలో నేను పెట్టిన ఏ ముద్దకీ ఆయన కళ్ళు మూసుకోలేదు.

ఆ తర్వాత రోజూ నాలుగింటికి అదే తంతు. మూడున్నరకే గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వీధి గుమ్మంలో కుర్చీ వేసుకునేవారు. 'మా చిట్టితల్లి వస్తోంది' అని దారిన పోయేవాళ్ళకు చెప్పేవారు. నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చేది కూడా ఆ వేళకే. నేను వస్తే కాళ్ళు పక్కకి జరిపేవారు, నేను లోపలికి వెళ్ళడానికి.

ఒక కప్పు రెండయింది. రెండు మూడయ్యాయి. ఆదివారాలకని నాలుగైదు కప్పులు మా ఫ్రీజర్లోనే కాపురం పెట్టాయి.

నాకు కుళ్ళు పుట్టింది. దానికి ఇంకో ముద్దుపేరు పెట్టను. మాత్రలు గుర్తుపెట్టుకునేది నేను, కాళ్ళకు నూనె రాసేది నేను, జ్వరం వస్తే సెలవు పెట్టేది నేను. ప్రేమ మాత్రం కప్పులో పెట్టుకుని ఆవిడ వచ్చేది. ఎవరో ఒకరు వద్దనాలి కాబట్టి నేను చెడ్డదాన్నయ్యాను. తినమనడానికేం, ఎవరైనా అంటారు!

*

డాక్టరమ్మ కట్టు విప్పి చూసి, పెదవి విరిచింది.

"ఏం తింటున్నారు?"

"మా జైలరమ్మ పెట్టిందే," అన్నారు మామయ్యగారు. "పైన కాస్త పండు. గడ్డకట్టించిన పండు. మా అమ్మాయి చేస్తుంది. ఒట్టి పండే డాక్టరమ్మా."

"రోజుకెంత?"

"ఒక కప్పు."

"మూడు," అన్నారు మా ఆయన.

మామయ్యగారు కొడుకు వంక గుర్రుగా చూశారు.

డాక్టరమ్మ చిట్టి వైపు తిరిగింది. "చూడమ్మా, పండుని గడ్డకట్టిస్తే పాపమేం లేదు. నేనూ అరటిముక్కలు ఫ్రీజర్లో వేసుకుని తింటాను. ఐస్‌క్రీం కంటే నయమే. కానీ పండులో ఉన్న తీపి కూడా తీపే. కొరుక్కుని తింటే ఒక పండుతో కడుపు చాలంటుంది. అదే గుజ్జు చేసి గడ్డకట్టిస్తే మూడు పండ్లు తిన్న సంగతి కూడా తెలీదు. ఇంకేమైనా కలుపుతున్నావా?"

"చక్కెర ఒక్క పలుకు వేస్తే ఒట్టు. మా నాన్న మీద ఒట్టు!" చిట్టి తండ్రి నెత్తి మీద చెయ్యి పెట్టేసింది.

"ఇంట్లో వంట మీరేనా?" ఈసారి కళ్ళజోడు నా మీదికి తిరిగింది. "మీరేమంటారు? పండుకి ఇంత పెరగదు. ఏదో ఉంది."

"నాకేం తెలుసు డాక్టరుగారూ," అన్నాను.

తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో ఆ క్షణం అద్దంలో చూసుకుంటే తెలిసేది.

ఆవిడ మాత్రలు మార్చి, భోజనానికి ముందు వేసుకోవలసిన సూదిమందు రాసింది. ఆ ఐసు కప్పులు పూర్తిగా ఆపమంది. "ఐదు రోజులు చూద్దాం. షుగర్ దిగిరాకపోతే పుండు మానదు. మానకపోతే ఆ వేలు తీసేయాల్సి వస్తుంది. ఇప్పుడే చెబుతున్నా, తర్వాత నన్ను అనకండి."

"ఇంజను తోలేటప్పుడు అయితే కాళ్ళతో పనుండేది. ఇప్పుడొక వేలు పోతే ఏమైందిలే," అన్నారు మామయ్యగారు. అంటూనే చిట్టి చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

నా చెయ్యి ఆ పక్కనే, కుర్చీ వీపు మీద ఉంది.

*

నాకేం తెలుసా? నాకు అంకెతో సహా తెలుసు.

నేను పనిచేసేది పండ్ల గుజ్జు తీసే ఫ్యాక్టరీ ల్యాబులో. పదమూడేళ్ళుగా నా ఉద్యోగం తీపి కొలవడం. జానెడు గొట్టం ఉంటుంది, ఒక చివర అద్దం. అద్దం మీద చుక్క వేసి, మూత పెట్టి, వెలుతురు వైపు తిప్పి చూస్తే లోపల మెట్లు మెట్లుగా గీతలు కనిపిస్తాయి. నీలం రంగు ఏ గీత దగ్గర ఆగిందో అదే తీపి. మామిడి బాగా పండిన రోజుల్లో పదహారు, పదిహేడు. అంతకు మించి చూపిస్తే ఎవరో ఏదో కలిపారని లారీని వెనక్కి పంపిస్తాం.

మూడు వారాల క్రితం మామయ్యగారు వదిలేసిన కప్పు అడుగున రెండు చెంచాలు కరిగి ఉంది. సీసాలో పోసి ఫ్యాక్టరీకి పట్టుకెళ్ళాను. ఆయన ఆరోగ్యం కోసమే అని చెప్పుకోవచ్చు. అబద్ధం. చిట్టి అబద్ధాలకోరని తేల్చుకోవడానికి పట్టుకెళ్ళాను.

ఇరవై తొమ్మిది.

అద్దం కడిగి మళ్ళీ చూశాను. మళ్ళీ కడిగి మళ్ళీ చూశాను. ఇరవై తొమ్మిదే.

ముందు భయం వేయాలి కదా! వేయలేదు. సంతోషం వేసింది. పండగ చేసుకోవాలన్నంత సంతోషం. దొరికావే చిట్టీ, అనుకున్నాను.

ఆ సాయంత్రమే చెప్పాలని గబగబా ఇంటికి వచ్చాను. గుమ్మంలో తండ్రీకూతుళ్ళు నవ్వుకుంటున్నారు. నన్ను చూసి, "ఇదిగో వచ్చింది, దాచెయ్ దాచెయ్," అన్నారు మామయ్యగారు కప్పు చొక్కా కింద పెట్టుకుంటూ. ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

నేను చెప్పలేదు.

చెబితే మాత్రం ఏమంటారు? వదిన ఓర్వలేక అడ్డం పడింది అంటారు. అననీ. నెలాఖరున రక్తపరీక్ష ఎలాగూ ఉంది. డాక్టరమ్మ నోటితోనే బయటపడనీ, అప్పుడు నేను ఏమీ అనక్కర్లేకుండా అందరూ నా వైపు తిరుగుతారు, అనుకున్నాను. ఊరకున్నంత ఉత్తమం లేదని సామెత కూడా గుర్తు తెచ్చుకున్నాను.

మూడు రోజులకే ఆయన్ని చెప్పు కరిచింది.

అప్పుడైనా చెప్పాల్సింది. కానీ ఇవాళ చెబితే నిన్నెందుకు చెప్పలేదంటారు. రేపు చెబితే ఇవాళ ఎందుకు చెప్పలేదంటారు. అలా రోజుకో రోజు పేరుకుంది. పుండుకి కట్టు మార్చింది కూడా నేనే. ఈ చేతులతోనే.

*

క్లినిక్కు నుంచి వచ్చిన మూడోరోజు ఆదివారం. షుగర్ రెండు వందల తొంభై దగ్గర కొట్టుకుంటోంది. నేను పెరట్లో బట్టలు ఆరేసి లోపలికి వచ్చేసరికి వంటింట్లో డబ్బాల చప్పుడు.

చిట్టి నా డబ్బాలన్నీ గట్టు మీద వరసగా దింపింది. ఒక్కొక్క మూత తీసి, వేలు తడి చేసుకుని, ముంచి నాలుక మీద పెట్టుకుంటోంది. పిండి. ఉప్పు. పప్పులు. కారం దగ్గర దగ్గు వచ్చింది, అయినా ఆగలేదు.

"ఏంటది?" అన్నాను.

"చూస్తున్నా."

"ఏం చూస్తున్నావ్?"

"నా కప్పులు మానేసి మూడు రోజులైంది. ఇంకా రెండు వందల తొంభై ఉంది. అంటే నా కప్పుల వల్ల కాదనేగా? రొట్టెల పిండిలో ఏం కలుపుతున్నావో చూస్తున్నా."

"చిట్టీ!" మా ఆయన పరుగున వచ్చారు. వెనకే గోడ పట్టుకుని మామయ్యగారు.

"నన్నననీ అన్నయ్యా! నేను కొట్టు పెట్టిన రోజు నుంచి వదిన మొహం చూశావా? నాన్న నా చేతి కప్పు తింటుంటే కళ్ళల్లో నిప్పులు పోసుకుంటోంది. నాకు తెలీదా? ఆడదాన్ని కానా? నా కొట్టుకి చెడ్డపేరు రావాలని మా నాన్నకి..."

మిగతా మాట అననివ్వలేదు నేను. వంకెకు వేలాడుతున్న నా సంచి లాగి, మొన్న ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకున్న గొట్టం బయటికి తీశాను.

"నా డబ్బాలన్నీ నాకావుగా? అయిపోయిందా? ఇప్పుడు నీది నేను చూస్తా."

ఫ్రీజర్లో రెండు కప్పులు మిగిలి ఉన్నాయి. ఒకటి తీసి వేడినీళ్ళ గిన్నెలో పెట్టాను. అది కరిగేలోగా బుట్టలో కమలాపండు తీసి, తొనని అద్దం మీద పిండి, కిటికీ దగ్గరికి మా ఆయన్ని లాక్కెళ్ళాను.

"ఎంత?"

ఆయన ఒక కన్ను మూశారు. "పదకొండు."

"ఇది పండు. ఇప్పుడిది." అద్దం తుడిచి, కరిగిన కప్పులోంచి చుక్క వేశాను. "ఎంత?"

మా ఆయన ఒకసారి చూసి, గొట్టం దించి, మళ్ళీ ఎత్తి చూశారు. "ఇరవై తొమ్మిది."

"మా ఫ్యాక్టరీలో దీన్ని పండు అని తెస్తే లారీ గేటు దాటదు," అన్నాను.

చిట్టి గొట్టం లాక్కుని తనూ చూసింది. ఎర్రబడిన ముఖం తెల్లబోయింది. "చక్కెర వేయలేదు. ఒట్టు పెట్టాను కదా, వేయలేదు వదినా!"

"నమ్ముతా. ఏం వేశావో చెప్పు."

"మామిడి, అరటి. ఖర్జూరాలు. తర్వాత... ద్రాక్షరసం."

"ఏ ద్రాక్షరసం?"

"డబ్బాలో వస్తుందిగా, తేనెలా చిక్కగా. మొదట్లో ఒట్టి పండే వేశా, నిజం. రాయిలా గడ్డకట్టేది. చెంచా దిగట్లేదు, పళ్ళు ఊడతాయి అని అందరూ తిట్టారు. ఇది పోస్తే మెత్తగా ఉంటుందని పండ్ల టోకు దుకాణంలో చెప్పారు. అదీ పండే కదా వదినా! డబ్బా మీద నూటికి నూరు శాతం పండు అని రాసుంది!"

"నాలుగు కిలోల ద్రాక్ష పిండి కాస్తే ఒక్క కిలో వస్తుంది ఆ రసం. కాస్తే పోయేది నీళ్ళే. తీపంతా డబ్బాలోనే ఉంటుంది. నువ్వు చక్కెర వేయలేదు. చక్కెర పని చేసేది వేశావ్. గడ్డ మెత్తబడింది కూడా అందుకే."

"అంత తీపి ఉంటే నా నాలుకకి తెలీదా? రోజూ రుచి చూసే పంపిస్తాను."

"గడ్డకట్టాక చూస్తావ్. చల్లటిది నాలుక మీద పడితే తీపి సగం కూడా తెలీదు. ఇదిగో, కరిగింది. తాగు."

కప్పు అందుకుని ఒక గుక్క తాగింది. గుటక పడలేదు. తొట్టి దగ్గరికి పరుగెత్తి ఉమ్మేసి, పంపు తిప్పి నోరు కడుక్కుంది. పంపు కట్టేయడం మరిచిపోయి అలాగే నిలబడింది.

"మూడు కప్పులు," అంది గోడవైపు తిరిగే. "రోజుకి మూడు కప్పులు నా చేత్తో పెట్టాను."

నేను గెలిచాను. నాలుగు నెలలుగా ఏ ఘడియ కోసం పళ్ళు నూరుకుంటూ కూర్చున్నానో అది వచ్చింది. చిట్టి ఏడుస్తోంది. మామూలుగా ఆవిడ ఏడుపుకి చప్పుడెక్కువ. ఇప్పుడు చప్పుడు లేదు, భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"బోర్డు తీసేస్తా," అంది. "కొట్టు మూసేస్తా. వదినా, నీ డబ్బాల్లో వేలు పెట్టాను. నా వేలు విరిచేసినా పాపం లేదు."

"ఊరుకోవే," అన్నారు మామయ్యగారు. గోడ వదిలి, మడమ మీద నడుస్తూ వంటింట్లోకి వచ్చారు. చిట్టి దగ్గరికి పోతారనుకున్నాను. ఆయన నా ముందు ఆగారు.

"నిన్ను జైలరమ్మ అన్నాను," అన్నారు. "ఊరంతా నవ్వేలా అన్నాను. ఈ ఇంట్లో నా ప్రాణం గురించి ఆలోచించింది నువ్వొక్కదానివే తల్లీ. అది అర్థమవడానికి నాకో వేలు కావాల్సొచ్చింది." ఆయన చెయ్యి నా తల మీద పడింది. "నీకు ముందే తెలిసుంటే ఒక్క చెంచా కూడా నన్ను తిననిచ్చేదానివి కాదు. నాకు తెలుసు."

తల్లీ అన్నారు. ఆరేళ్ళుగా చిట్టికి మాత్రమే దక్కిన మాట. ఆ మాట కోసం నేను ఎన్ని కట్లు మార్చాను, ఎన్ని మాత్రలు లెక్కపెట్టాను! తీరా వచ్చి నెత్తి మీద కూర్చుంటే మోయలేకపోయాను.

ఊరుకుంటే సరిపోయేది. ఎవరికీ తెలీదు. మా ఆయన నా వంక గర్వంగా చూస్తున్నారు, ఆ చూపు చూసి ఎన్నేళ్ళయిందో. చిట్టి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "అవును వదినా, ఆ గొట్టం నువ్వు ముందే ఒక్కసారి తెచ్చి ఉంటే బాగుండేది, నాకా తెలివి లేకపోయింది," అంటోంది. నిష్ఠూరంగా కూడా కాదు. నేరమంతా తన మీదే వేసుకుంటూ.

"కొలిచాను," అన్నాను.

"ఆఁ?"

"ముందే కొలిచాను. మూడు వారాల క్రితం. ఫ్యాక్టరీలో. అప్పుడూ ఇరవై తొమ్మిదే."

మామయ్యగారి చెయ్యి నా తల మీదే ఉంది. బరువు మాత్రం తగ్గింది.

"మూడు వారాలా?" అంది చిట్టి. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. "అప్పటికి నాన్న కాలికి ఏమీ లేదు."

"లేదు."

"డాక్టరమ్మ అడిగింది నిన్ను," అన్నారు మా ఆయన మెల్లగా. "నా ముందే అడిగింది. అప్పుడు కూడా తెలుసా నీకు?"

"తెలుసు."

"మరెందుకే?"

ఎందుకో చెప్పాలని నోరు తెరిచాను. నవ్వుకుంటున్నారు కాబట్టి. నన్ను చూసి కప్పు దాచారు కాబట్టి. బయటికి చెప్పే మాటలు కావవి. చెప్పినా ఒక బొటనవేలికి సరితూగవు.

మామయ్యగారు చెయ్యి తీసుకున్నారు. తిట్టినా బాగుండేది. చిట్టి వచ్చి భుజం పట్టుకుంది. ఇద్దరూ గోడ వెంబడి మెల్లగా ఆయన గదిలోకి వెళ్ళిపోయారు. మా ఆయన పంపు కట్టేసి, గట్టు మీద మూతలు లేకుండా ఉన్న డబ్బాలకి ఒక్కొక్క మూతే పెట్టడం మొదలుపెట్టారు. ఏ మూత దేనిదో ఆయనకు తెలీదు. నేను చెప్పబోలేదు.

*

మర్నాడు మధ్యాహ్నం నేను సెలవు పెట్టాను. మా ఆయన కూడా పనికి వెళ్ళలేదు, కారణం చెప్పలేదు. పన్నెండున్నరకు తండ్రి పొట్టకి సూదిమందు వేసి, గడియారం వైపు చూసి, "అరగంటలోపు తినేయాలి నాన్నా. లేకపోతే షుగర్ మరీ కిందికి పడిపోయి కళ్ళు తిరుగుతాయట," అన్నారు.

నేను పళ్ళెం పెట్టాను. గుప్పెడు అన్నం, ఉడికించిన చిక్కుడు, పెరుగు. పక్కన చెంచా.

మామయ్యగారు పళ్ళెం వంక చాలాసేపు చూశారు. కోపం లేదు ముఖంలో. ఏదైనా ఉంటే, మొహమాటం ఉంది. పరాయివాళ్ళింట్లో భోజనానికి కూర్చున్నట్టు.

"ఇందులో ఏం వేశావమ్మా?" అని అడిగారు.

ఆరేళ్ళలో ఎన్ని వేల ముద్దలు తిన్నారో. చప్పగా ఉందన్నారు, గడ్డిలా ఉందన్నారు, జైలు కూడన్నారు. ఏం వేశావని మాత్రం ఎన్నడూ అడగలేదు.

"చిక్కుడు మామయ్యా. ఉప్పు, మిరియాలు. చెంచాడు నూనె. పెరుగు తోడుపెట్టింది నిన్న. ఇంకేం లేదు."

"ఊఁ," అన్నారు.

విన్నారు. తలూపారు. చెంచా ముట్టుకోలేదు.

మా ఆయన గడియారం చూశారు. పన్నెండూ యాభై. నేను చూశాను. పన్నెండూ యాభై రెండు. మామయ్యగారి నుదుటి మీద చెమట పట్టడం మొదలైంది. చేతులు రెండూ ఒళ్ళోనే పెట్టుకుని, చూపు మాత్రం వీధి గుమ్మం వైపు తిప్పుకున్నారు.

"చిట్టిని పిలవరా," అన్నారు కొడుకుతో. "అది వచ్చి పెడితే తింటాను."